తొట్టి అడుగున పిడికెడు

చేపల బజారులో నిలబడి చేపను కాకుండా చేపలమ్మే మనిషి దవడను చూసేది బరంపురం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాలుగైదు నెలలు ప్రతి ఆదివారం అదే పని. సంచీ పట్టుకుని వెళ్లేదాన్ని, వరసలో నాలుగో గంప ముందు ఆగేదాన్ని, కానాగంతలో నెత్తళ్లో అడిగేదాన్ని. ఆమె తూకం వేస్తున్నంతసేపూ ఆమె ఎడమ చెవి కింద మొదలై గడ్డం దాకా దిగే మచ్చను చూసేదాన్ని. ఆ మచ్చ కింద ఎముక లేదు. అక్కడున్నది నేను చేసిన లోహం.

మొదటినుంచీ చెప్తాను. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. మధ్యలో ఎవరిమీదైనా విసుక్కుంటే పట్టించుకోకండి, చివరికి అదంతా తిరిగి నామీదికే వస్తుంది.

మాది పొడుల కొట్టు. తాతల నాటి నుంచి బరంపురంలో పసుపు, కారం, శనగపిండి, ధనియాల పొడి అమ్మిన కుటుంబం. పొడిని మావైపు గుండ అంటారు, అందుకే ఊళ్లో మమ్మల్ని గుండల కొట్టువాళ్లు అనేవారు. నాన్న పసుపు కొనేటప్పుడు కాగితం పరిచి దానిమీద గుప్పెడు పోసేవాడు. గుట్ట వాలుగా జారితే ఆరిన సరుకు, నిక్కి నిలబడితే చెమ్మ పట్టిన సరుకు. నేను ఏడో క్లాసుకు వచ్చేసరికి కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య నలిపి ఏ పొడి ఎన్నాళ్లదో చెప్పగలిగేదాన్ని. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, అదే కొంప ముంచింది.

కొట్టులో డబ్బాలు నింపే పని నాయనమ్మది. ఆవిడకో పట్టింపు ఉండేది. ఏ డబ్బా అడుగూ కనపడకూడదు. కొత్త బస్తా వచ్చినా సరే, పాత సరుకు ఒక పిడికెడు అడుగున ఉంచి దానిమీదే కొత్తది పోయాలి. "ఖాళీ డబ్బా మొగం సూడకూడదే గుంటా" అనేది. "పాతది అడుగునుంటే కొత్తది నిలబడతాది." ఇంట్లో బియ్యం డబ్బాకీ అంతే, ఉప్పు జాడీకీ అంతే. పెళ్లయ్యాక మా ఇంట్లోనూ అంతే చేస్తున్నాను. ఎందుకని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

డిప్లొమా చదివి, పదేళ్లు అవీ ఇవీ చేసి, బరంపురం అంచున మూడు గదుల యూనిట్‌లో చేరాను. అక్కడ లేజరుతో లోహపు వస్తువులు చేసే మెషిన్ ఉంది. పళ్ల డాక్టర్లకూ, ఎముకల డాక్టర్లకూ కావలసిన ముక్కలు ఒక్కో రోగి కొలతకు చేసిస్తాం. ఓనర్ నన్ను తీసుకున్నదే పొడుల కొట్టు పిల్లనని. ఆయన ఒడియావాడైనా చిన్నప్పటినుంచీ మా తెలుగువాళ్ల మధ్య పెరిగినవాడు. "మెషిన్ ఎవడైనా నడుపుతాడు, గుండ తెలిసినోళ్లు కావాల నాకు" అన్నాడు మొదటిరోజు.

ఆ మాట నిజమే. ఆ మెషిన్‌లో పనంతా పొడిదే. టైటానియం పొడి, పిండి కంటే మెత్తగా, ఒక్కో రేణువూ గుండ్రంగా ఉంటుంది. పైన తొట్టిలోంచి పొడి కిందికి దిగుతుంది, ఒక పలక దాన్ని వెంట్రుక మందం కూడా లేని పొరగా పరుస్తుంది. లేజరు ఆ పొరమీద కావలసిన చోట మాత్రమే గీసి కరిగిస్తుంది. దానిమీద ఇంకో పొర, ఇంకో గీత. అలా వేల పొరలయ్యాక పొడిలోంచి వస్తువు తీస్తాం. కరిగింది కాస్తే. మిగిలిన పొడిని జల్లించి మళ్లీ వాడతాం, అంత ఖరీదైనదాన్ని పారబోయలేం కదా. అయితే వాడిన ప్రతిసారీ అది వేడికి కాస్త ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, వానాకాలంలో చెమ్మను కూడా. చూడటానికి తేడా ఏమీ తెలియదు. కానీ ముసలి పొడితో చేసిన లోహం వంగదు. గట్టిగానే ఉంటుంది, ఉండి ఉండి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

అందుకే ఎన్నిసార్లు వాడామో డబ్బామీద రాసుకుంటాం. కొత్త పొడి పోసేముందు తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, మూలలతో సహా శుభ్రం చేయాలి. పని నేర్పడానికి వచ్చినాయన ఈ మాట మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లూ తలూపాను. ఆయన వెళ్లిన వారానికి తొట్టి నేనే శుభ్రం చేశాను, అడుగున రెండు వేళ్ల మందం పొడి ఉంచి మరీ చేశాను. కావాలని చేశానా అంటే, లేదు. చెయ్యి ఆగిపోయింది, అంతే. పుస్తకంలో "తొట్టి ఖాళీ చేశారా" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఖాళీ చేసినట్టే కదా అనుకున్నాను. అలా రెండేళ్లు, ప్రతిసారీ టిక్కు, ప్రతిసారీ పిడికెడు. తొట్టి మెడ దగ్గర వాలు తక్కువ గనక ఆ అడుగు పొడి మామూలు పనుల్లో కదిలేది కాదు. రెండు వానాకాలాలు అక్కడే కూర్చుంది.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టి వారంపాటు వదలని వాన. ఆ వారమే దవడ ప్లేటు పని వచ్చింది. రోగి చమఖండి ఊరినుంచి వచ్చి చేపలమ్ముకునే ఒకామె. ఎడమ దవడలో గడ్డ లేచి ఎముకను తినేసింది. ప్రాణం తీసే జబ్బు కాదు గానీ ఆ భాగం కోసి తీసేయాలి. తీసిన చోట ఇటు కొసనూ అటు కొసనూ కలుపుతూ టైటానియం ప్లేటు పెట్టాలి. డాక్టర్ స్కాన్ పంపాడు. నిలువుగా నిలబెట్టి చేయాల్సిన పొడుగాటి ముక్క, పొడి ఎక్కువ పడుతుంది. కొత్త పొడి పార్సిల్ వానకు ఎక్కడో ఆగిపోయింది. ఉన్నది సరిపోతుందని నేనే లెక్కగట్టి మొదలుపెట్టాను.

మధ్యాహ్నం మూడింటికి, ప్లేటు పై కొస వస్తుండగా, కిటికీ అద్దంలోంచి చూశాను. పరిచిన పొరలో ఒక చాలు పడింది. దుక్కిలో నాగలి పోయినట్టు ఒక్కటే చాలు, పొర పలచబడి. తరవాతి పొరలోనూ అక్కడే. తరవాతి దాన్లోనూ. చిన్న చిన్న ఉండలు పలక కింద దొర్లడం కనపడింది. చెమ్మ పట్టిన గుండ అలాగే దొర్లుతుంది, పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని. మెషిన్ ఆపాలి. చెయ్యి బటన్ దాకా వెళ్లింది. ఆపితే ప్లేటు పోతుంది, పొడి లేదు, ఆపరేషన్ నాలుగు రోజుల్లో ఉంది. ఇంకో పొర చూద్దాం అనుకున్నాను. ఆ పొర కాస్త బాగున్నట్టు అనిపించింది. అనిపించిందో, నేనే అనిపించుకున్నానో. అరగంటకు పని ముగిసింది.

తొట్టి మూత తీస్తే అడుగు కనపడింది, తళతళలాడుతూ. రెండేళ్ల పిడికెడు దిగిపోయింది. నేను అప్పుడు చేసిన పని కూడా దాచకుండా చెప్తాను. నాకు ప్లేటు గుర్తుకు రాలేదు. గబగబా జల్లెడ కింద మిగిలిన పొడిలోంచి గుప్పెడు తీసి ఆ అడుగున పోశాను. పోశాక గానీ ఊపిరాడలేదు. ఆ తరవాత వెళ్లి పుస్తకంలో టిక్కు పెట్టాను, "పొరలు సజావుగా ఉన్నాయి" అని కూడా రాశాను.

ప్రతి పనిలోనూ వస్తువు పక్కన మూడు కడ్డీలు కూడా చేస్తాం. అదే పొడి, అదే పొరలు. వాటిని పరీక్ష చేసేచోటికి పంపితే అక్కడ రెండువైపులా పట్టి లాగి విరగ్గొడతారు. మేం వాటిని సాక్షులంటాం. మామూలుగా సాక్షులు మంచిగా చెప్పాకే వస్తువు బయటికి పంపాలి. వానకు బస్సులు ఆగాయి, ఆపరేషన్ ఆగేలా లేదు. ఓనరూ డాక్టరూ ఫోన్లో మాట్లాడుకుని ప్లేటు ముందు పంపేద్దాం అనుకున్నారు. అదీ తప్పే, కానీ అది వాళ్ల తప్పు. వాళ్ల దగ్గర నా పుస్తకం ఉంది, అందులో సజావు అని ఉంది.

ప్లేటు మెరుగుపెట్టాక అద్దంలా వచ్చింది. దాన్ని ఆసుపత్రికి పంపే రోజు పొద్దున్నే ఒకామె గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఎడమ చెంప నిమ్మకాయ పెట్టుకున్నట్టు ఉబ్బి ఉంది.

"నా దౌడ ఇక్కడే సేస్తన్నారంట కదా. ఓపాలి సూపించండి" అంది.

అలా ఎవరూ రారు. ఓనర్ నావైపు చూశాడు.

"సూడకుండా ఎలగ పెట్టించుకుంటాను? సేపనైనా సూసే కదమ్మా కొంటారు" అంది ఆమె.

తెచ్చి అరచేతిలో పెట్టాను. బరువు చూస్తున్నట్టు అటూ ఇటూ ఊపింది. "ఇదేటి అమ్మీ, ఇంత తేలిగ్గుంది?"

"తేలికే గానీ గట్టిది పిన్నీ. నువ్వూ నేనూ పోయినా అది ఉంటాది" అన్నాను.

ఆమె నవ్వింది, ఒకవైపే. "అయితే పీతలు తినొచ్చన్నమాట" అంది. ప్లేటును పమిట చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది, ఇంట్లో గిన్నె తుడిచి ఇచ్చినట్టు. అది గనక చూడకపోయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఎవరిదో దవడ అని ఉండేది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలకు సాక్షులు తిరిగొచ్చాయి. రెండు కడ్డీలు నడుము సన్నబడి, సాగి సాగి విరిగాయి. అలాగే విరగాలి. మూడోది అస్సలు సాగలేదు. పటికబెల్లం ముక్క విరిచినట్టు చదునుగా, మెరుస్తూ విరిగింది. కాగితంమీద ఏ కడ్డీ ఎక్కడ నిలబడిందో బొమ్మ ఉంటుంది. చూడక్కర్లేదు, నాకు తెలుసు. చాలు పడిన దారిలో ఉన్నవి రెండే. ఒకటి ఆ కడ్డీ, రెండోది ప్లేటు పై కొస. చెవి దగ్గర ఉండే కొస.

ఓనర్ కళ్లజోడు సర్దుకుని కాగితం చూశాడు. "మూడింట్లో రెండు పాసు. ఇది కోసేటప్పుడు గీత పడి ఉంటాది. తొట్టి ఖాళీ సేసినావు కదా?"

"చేశాను సార్."

"హఉ, సరే. ఫైల్లో పెట్టెయ్."

నాకు నోరెక్కువని చెప్పాను కదా. కూరగాయలవాడితో అరగంట వాదిస్తాను, కరెంటాఫీసులో నా గొంతు వీధిలోకి వినపడుతుంది. ఆ ఒక్కమాట దగ్గర మాత్రం నాలుక పడిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. దానికంటే పెద్ద భయం ఇంకోటి. చెప్తే ఆమె ముఖం మళ్లీ కోస్తారు. చెప్పకపోతే విరగకపోనూవచ్చు. ఎన్నో విరగవు. ఈ "విరగకపోనూవచ్చు" అన్నదాన్ని పట్టుకుని నేను ఆర్నెల్లు బతికాను.

ఏం బతుకు అది. అన్నం దగ్గర అందరూ కూర్చుంటే నాకు మాటలు వినపడేవి కావు, నమలడం వినపడేది. మా ఆయన అప్పడం కొరికితే ఉలిక్కిపడేదాన్ని. "ఏటయింది నీకు? నా నోట్లోకి సూస్తావేటి?" అని విసుక్కునేవాడు. దంచుతున్న రోలు చప్పుడు, తలుపు గడియ, గాజు పగలడం, అన్నీ ఆమె దవడలోంచే వచ్చినట్టుండేవి. యూనిట్‌లో తొట్టి మూత తీసినప్పుడల్లా లోపల నాయనమ్మ చెయ్యి కనపడేది. పసుపుతో పచ్చబడ్డ గోళ్లు, పిడికెడు పట్టి అడుగున మెల్లగా విప్పే వేళ్లు. ఆవిడ పోయి పదిహేనేళ్లయింది. నీవల్లే, నీవల్లే అని ఆ చేతిని తిట్టుకునేదాన్ని.

తిట్టుకుంటూ ఉండగానే ఒకరోజు ఇంకోటి గుర్తొచ్చింది. నా పదో ఏట కొట్టులో శనగపిండి డబ్బాలో పురుగు పట్టింది. కొత్త పిండి, వచ్చి వారం కూడా కాలేదు. నాన్న డబ్బా బోర్లించి చూస్తే అడుగున ఉన్న పాత పిడికెడు ముద్దగట్టి, బూజుపట్టి, అందులోంచే పాకింది పురుగు. "నీ పిడికెడే మొత్తం డబ్బా పాడు సేసింది, ఇకమీదట అడుగు తోమి ఆరబెట్టాకే పోయాల" అని నాయనమ్మను కసిరాడు. ఆవిడ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మళ్లీ పిడికెడు ఉంచింది. నాకు అదంతా తెలుసు. తెలిసి కూడా రెండేళ్లు టిక్కు పెట్టాను. ఇంక ఎవరిమీద తోయడానికి లేదు.

ఆమె నెలన్నరకే బజారుకు తిరిగొచ్చింది. నేను మొదటి ఆదివారమే వెళ్లాను. "ఎలగుంది పిన్నీ?" అంటే "బాగుంది అమ్మీ, నీ సలవ" అంది. అరకిలో తూచాక పైన ఇంకో గుప్పెడు నెత్తళ్లు కొసరు వేసింది. వద్దన్నా వినలేదు. ఆ చేపలు వండి ఇంట్లోవాళ్లకు పెట్టాను, నాకు ముద్ద దిగలేదు. ఆ తరవాత ప్రతి ఆదివారమూ అంతే. మాఘం వచ్చేసరికి కొసరు పెరిగింది, మాట తగ్గింది. "బాగుంది, బాగుంది" అని గబగబా అనేసి పక్కనున్న బేరం వైపు తిరిగేది. చేపలు మాత్రం దోసెడు ఎక్కువ వేసేది. కృతజ్ఞత అనుకున్నాను. ఆ కృతజ్ఞత ముందు నాకు నిప్పులమీద నిలబడ్డట్టుండేది. ఒకసారి కొసరును తిరిగి గంపలో పోయబోతే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇదేమిటి ఇంత మంచిది అనుకుని ఇంకా కుంగిపోయాను.

వైశాఖంలో ఒక ఆదివారం ఎండకు ఆలస్యంగా వెళ్లాను. బేరాలు అయిపోయి ఆమె గంప వెనక కూర్చుని చద్దన్నం తింటోంది. నన్ను చూడలేదు. కుడివైపే నములుతోంది. నమిలినప్పుడల్లా ఎడమ అరచెయ్యి చెవి కింద ఆనించి పట్టుకుంటోంది, పగిలిన కుండను పట్టుకున్నట్టు. చద్దన్నం అది. నమలాల్సిన పనే లేని తిండి. నేను చేపలు కొనకుండానే వెనక్కి తిరిగాను.

మర్నాడు పొద్దున్నే ఓనర్ గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచి, టిక్కులన్నీ చూపించి చెప్పేశాను. పిడికెడు, చాలు, ఉండలు, విరిగిన సాక్షి, అన్నీ. ఆయన ఒక్కో టిక్కుమీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. అరిస్తే బాగుండేది.

"గుండ తెలిసినదానివని తీసుకున్నాను నిన్ను" అన్నాడు చివరికి. ఆ మాటే అనకుండా ఉంటే బాగుండుననుకున్నాను. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేశాడు. డాక్టర్ ఆమెకు కబురుపెడితే రాలేదు. రెండోసారి పెడితే ఒంట్లో బాగానే ఉంది, రాను అని చెప్పి పంపింది. డాక్టర్ నన్నడిగాడు, ఆమె మీకు తెలుసా అని. తెలుసన్నాను. నేనే వెళ్లి తీసుకొస్తానన్నాను.

ఛత్రపురం దాకా బస్సు, అక్కణ్నుంచి చమఖండికి ఆటో. ఇంటి ముందు ఇసకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకుంది. ఎడమ చెయ్యి దానంతటదే చెంపమీదికి పోయింది.

"డాక్టరు పంపినాడేటి?"

"పంపాడు. నాకూ నీతో పనుంది పిన్నీ."

"నాను రాను అమ్మీ. నాకేటీ నేదు."

దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చినవన్నీ ఎగిరిపోయాయి. "నీ దవడలో పెట్టింది సరిగ్గా రాలేదు" అన్నాను. "తప్పు నాది. తొట్టిలో పాత గుండ అడుగున ఉంచీసాను, చెమ్మ పట్టినది. అది నీ ప్లేటులోకి దిగిపోయింది. దిగుతుంటే సూసాను. ఆపలేదు."

అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను, ఈసారి మా కొట్టు డబ్బా సంగతి చెప్పి. ఆమె వలమీదే కూర్చుండిపోయింది.

"నువ్వు ఉంచీసావా?" అంది.

"నేనే."

"మరి నాను కాదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నేలవైపు చూస్తూ మాట్లాడింది. "మెత్తటిదే తినమన్నాడు డాక్టరు. మాఘంలో పీతలొచ్చినాయి. ఇంట్లో అందరికీ ఒండి పెట్టినాను. వాసనకి ఆగలేక ఒక్క కాలు కొరికినాను. ఒక్కటే. మర్నాడు నుంచీ లోపల టిక్కుమంటాంది. నానే ఇరగ్గొట్టీసినాననుకున్నాను. అంత కష్టపడి సేసిచ్చినావు, వారం వారం ఎలగుందని అడుగుతున్నావు. నోటి సాపల్యానికి పాడు సేసీసినానని ఏ మొగం పెట్టుకుని సెప్పాలి? డాక్టరుకి సెప్తే నీకు సెప్తాడు కదా. అందుకే ఎల్లలేదు."

"నొప్పి లేదా?"

"ఎందుకుండదు?"

"మరి కొసరు?"

"మరేటి సేస్తాను అమ్మీ. నా దగ్గర సేపలే కదా ఉన్నాయి."

నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా సిగ్గేసింది. మాఘం నుంచి వైశాఖం దాకా, ఆ గంపకు ఇటు నేను, అటు ఆమె. నా తప్పును తన తప్పనుకుని నొప్పి ఓర్చుకుంటూ నాకే దోసిళ్లతో చేపలు పోసింది. నేను వాటిని సంచీలో వేసుకుని ఇంటికెళ్లాను. ప్లేటు విరగడం కంటే నన్ను ఇప్పటికీ వెంటాడేది ఇదే.

కాసేపటికి ఆమె అడిగింది, "నీకు ఎప్పుడు నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

ఆమె ముఖం మారింది. "ఇన్నాళ్లూ నా సేపలు కొన్నావు. ఒక్క మాట అననేదు" అంది. కేక వేయలేదు, మామూలుగానే అంది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఆటోలో, బస్సులో, ఆసుపత్రి మెట్లదాకా నాతో మళ్లీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

ఎక్స్‌రేలో పై కొస దగ్గర సన్నటి గీత కనపడింది, సరిగ్గా చాలు పడిన చోటే. డాక్టర్ ఆమెకు చెప్పాడు, ఒక పీత కాలికి విరిగేది కాదమ్మా ఇది, మంచి ప్లేటయితే ఏమీ అయ్యేది కాదు అని. ఆ మాట నేను ఆయన్ని అడిగి చెప్పించలేదు. తలుపు పక్కన నిలబడి విన్నాను.

కొత్త ప్లేటుకు ముందు తొట్టి నేను ఖాళీ చేశాను, ఓనర్ పక్కన నిలబడి చూస్తుండగా. మెడ విప్పి, మూలలు తుడిచి, టార్చి వేసి చూశాం. శుభ్రమైన అడుగులో నా ముఖమే మసకగా కనపడింది. చెయ్యి ఎంత లాగిందో చెప్పలేను, పిడికెడు వెయ్యమని. వేయలేదు. కొత్త పొడి మూత తీసి కాగితంమీద గుట్ట పోసి చూశాను, నాన్న చూసినట్టే. జారింది. ఈసారి సాక్షులు ముందు వెళ్లాయి. మూడూ సాగి సాగి విరిగాయని కాగితం వచ్చాకే ప్లేటు కదిలింది.

ఉద్యోగం పోలేదు. పోతే బాగుండేదని కొన్నాళ్లు అనుకున్నాను. ఆ రెండేళ్లలో ఆ తొట్టిలోంచి వెళ్లిన ప్రతి ముక్కకూ ఆయా డాక్టర్లకు ఉత్తరాలు రాశాం. పొలసరలో ఒకరి పళ్ల ఫ్రేమ్, భంజనగర్‌లో ఒకరి కంటి కింది ప్లేటు, ఇంకా కొన్ని. ఇంతవరకు అన్నీ బాగున్నాయనే చెప్పారు. ఫోన్ మోగితే మాత్రం ఆ పేర్లన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరుగుతాయి. అది పోయేది కాదు. ఇంట్లో బియ్యం డబ్బా ఇప్పుడు అడుగుదాకా ఖాళీ చేసి, ఎండబెట్టి నింపుతున్నాను.

రెండో ఆపరేషన్ అయ్యాక ఆమె రెండు నెలలు బజారుకు రాలేదు. నాలుగో గంప చోటు ఖాళీగా ఉండేది, నేను అక్కడిదాకా వెళ్లి వచ్చేసేదాన్ని. మొన్న ఆదివారం వచ్చింది. మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. నన్ను చూసింది, పలకరించలేదు. ఎలగుందని అడిగే అర్హత నాకుందో లేదో తెలియక "అరకిలో నెత్తళ్లు" అన్నాను.

తూచింది. పళ్లెం కొంచెం దిగింది. ఆమె అందులోంచి నాలుగు నెత్తళ్లు తీసి గంపలో వేసుకుంది. ముల్లు నడిమికొచ్చి ఆగింది.

"సరిగ్గా ఉంది. సూసుకో" అంది.

చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. ఇంటికొచ్చి వండి, అందరితోపాటు కూర్చుని నేనూ తిన్నాను.